‘అన్నకే’ అన్నవాళ్లు

నాకు ముప్పై నాలుగేళ్లు. ఈ వయసులో రిటైరయ్యానంటే మా నాన్నే నవ్వాడు. ఆయన నాచారంలో లేత్ మిషన్ ముందు ముప్పై ఏళ్లు నిలబడి రిటైరైన మనిషి. “నువ్వు రిటైరుడేంది బిడ్డా, పని ఇడిసిపెట్టిన అను” అన్నాడు. ఆయన మాటే సరైనదేమో. నేను ఆ పనిలోకి మళ్లీ వెళ్లను, వెళ్లినా చేయలేను. దానికి వేరే పేరుంటే అదే పెట్టుకోండి.

నేను పదకొండేళ్లు ఎన్నికల సర్వే పని చేశాను. ఎక్కువ భాగం ఉప్పల్, నాచారం, మల్లాపూర్, పీర్జాదిగూడల్లోనే. ఇప్పుడు ఇంజినీరింగ్ చదివినవాళ్లు చాలామంది ఈ పనికి వస్తున్నారు. వాళ్లలో కొందరు ఫోన్ చేసి “అన్నా, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలె?” అని అడుగుతున్నారు. ఇది వాళ్ల కోసమే. సాఫ్ట్‌వేర్ సంగతి ఇందులో లేదు. ఇందులో ఉన్నది ప్రధానంగా నేను చేసిన ఒక తప్పు, దాన్ని తెలిసీ దాచిపెట్టడం, దానివల్ల ఒకామె పదిహేడేళ్ల కొలువు పోవడం.

తలుపు దగ్గర

ఈ పని కంప్యూటర్ ముందు జరుగుతుందని అనుకోకండి. ఓటరు లిస్టు పట్టుకుని మెట్లెక్కడం, తలుపు తట్టడం, మనిషి చెప్పింది రాయడం, అంతే. కంప్యూటర్ పని ఆ తర్వాత. అక్కడ పాడు చేయడానికి అవకాశం చాలా ఉంటుంది.

తలుపు దగ్గర నేను నేర్చుకున్నవి ఇవి:

ఒకటి. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, “మా ఓటు మీదే” అన్న ఇంటిని నమ్మకండి.

రెండు. గడప బయటే నిలబెట్టి డ్రైనేజీ గురించి తిట్టిన ఇల్లు చాలాసార్లు మనదే. తిట్టేవాడికి మన మీద ఇంకా ఆశ ఉంటుంది.

మూడు. భర్త చెప్పిన జవాబు భర్తది మాత్రమే.

నాలుగు. “సూద్దాం” అంటే కాదు అని.

మా మూర్తి గారు చెప్పింది ఐదోది. ఆయనది కోస్తా ప్రాంతం. ప్రభుత్వ రంగ సంస్థలో లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయ్యాక ఉప్పల్‌లో ఒక టైర్ల దుకాణం పైన ఈ సర్వే ఆఫీసు తెరిచారు. నన్ను ఈ పనిలోకి తెచ్చింది ఆయనే. “ప్రశ్న అడిగాక నోరు మూసుకో. నువ్వు మూస్తేనే వాళ్లు తెరుస్తారు” అనేవారు. పదకొండేళ్లలో ఇంతకంటే పనికొచ్చే మాట నేను వినలేదు. కాకపోతే, నోరు తెరిచిన మనిషి చెప్పింది ఎక్కడ రాసుకోవాలో ఆయనా చెప్పలేదు.

మొదటి తప్పు

చేరిన కొత్తలో పీర్జాదిగూడలో రెండు కొత్త అపార్ట్‌మెంట్లు నాకు అప్పగించారు. ఆదివారం పొద్దున వెళ్లాను. అందరూ ఇంట్లోనే ఉన్నారు, అందరూ ఓపిగ్గా జవాబిచ్చారు. చక్కగా పట్టిక వేసి మూర్తి గారి ముందు పెట్టాను.

ఆయన చూసి, “బాగుంది. వీళ్ల ఓటెక్కడుంది?” అన్నారు.

“ఇక్కడే కద సార్, ఇక్కడే ఉంటున్నరు.”

“ఉండేది ఇక్కడయ్యా. ఓటు ఎక్కడుందని అడిగావా?”

అడగలేదు. మళ్లీ వెళ్లి అడిగితే చాలామంది ఓటు నల్గొండలోనో, జనగామలోనో, సొంతూళ్లోనే ఉంది. నా పట్టికలో ఉన్నవాళ్లు బూత్‌కు వచ్చేవాళ్లే కారు. ఆ రోజు మూర్తి గారు నన్ను తిట్టలేదు. టీ తెప్పించారు. అది ఎవరికీ నష్టం చేయని తప్పు, అందుకే దాని నుంచి నేర్చుకోవడం సులువైంది.

గెలుపు నేర్పిన తప్పుడు పాఠం

ఓటమి నుంచి నేర్చుకోవాలని అందరూ అంటారు. గెలుపు నుంచి నేర్చుకున్నది ఇంకా ప్రమాదం. దాన్ని ఎవరూ మళ్లీ సరిచూడరు.

ఒకసారి ఉప్పల్ వైపు ఒక డివిజన్‌లో పార్టీ తన కార్పొరేటర్‌ను తప్పుకోమంది. ఆ మనిషంటే జనానికి విసుగు. ఫోన్ ఎత్తడు, ఎత్తినా “మీటింగ్‌ల ఉన్న” అంటాడు. ఆయన స్థానంలో ఎవరికీ తెలియని ఒక లెక్చరర్‌ను నిలబెట్టారు. లెక్చరర్ గెలిచాడు. నేను డైరీలో రాసుకున్నాను: ‘ఉన్న మనిషి తప్పుకున్నా పార్టీ ఓటు నిలుస్తుంది.’

రాయాల్సింది అది కాదు. ‘జనం వద్దనుకున్న మనిషి తప్పుకుంటే పార్టీకి మేలు’ అని రాయాలి. జనం కావాలనుకున్న మనిషి తప్పుకుంటే ఏమవుతుందో ఆ డివిజన్ నాకు ఏమీ చెప్పలేదు. చెప్పిందని నేను అనుకున్నాను.

సత్తెన్న

నాచారం వైపు మరో డివిజన్‌లో సత్తెన్న రెండుసార్లు కార్పొరేటర్. చివరి నాలుగేళ్లు నేను ఆయన ఆఫీసుకే పనిచేశాను. హార్డ్‌వేర్ దుకాణం పక్కన ఒక గది. నన్ను ‘ఇంజినీరు’ అని పిలిచేవాడు, సగం మర్యాదగా, సగం ఎగతాళిగా. “ఇంజినీరూ, నీ డబ్బా ఏమంటున్నది?” డబ్బా అంటే నా లాప్‌టాప్.

ఆయన ఉపన్యాసకుడు కాదు. చేసిన పనులు కూడా ఇతరులు చేసినవే. నీళ్ల పైపు, వీధి దీపం, పింఛను దరఖాస్తు. ఆయన బలం వేరు. డివిజన్‌లో ఎవరు చనిపోయినా వెళ్లేవాడు. నాయకులందరూ వెళ్తారు. వచ్చి, దండ వేసి, టెంటు కింద కుర్చీలో పది నిమిషాలు కూర్చుని పోతారు. సత్తెన్న లోపలికి వెళ్లి, ఇంటివాళ్ల పక్కన నేల మీద కూర్చునేవాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు. శవాన్ని లేపేదాకా లేచేవాడు కాదు.

మోకాళ్లు అరిగిపోయాయి. ఒక రోజు మల్లాపూర్ రోడ్డు వైపు ఒక ఇంట్లో కూర్చున్నవాడు లేవలేకపోయాడు. ఇద్దరు చంకల కింద చేతులు వేసి లేపారు. భర్త శవం ముందు ఏడుస్తున్న ఆమె ఏడుపు ఆపి, “అరె అన్నను పట్టుకోన్రి, పడిపోతడు” అంది.

ఆఫీసుకు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: “సావు ఇంట్ల ఆమె ఏడుపు ఆపిచ్చి నన్ను లేపిచ్చుకున్న. ఇగ చాలు ఇంజినీరూ. ఈసారి నిలబడ.”

ఆయన తన స్థానంలో అనుకున్నది సునీతక్కను. నాచారం పారిశ్రామికవాడలో ఒక బట్టల ఫ్యాక్టరీలో ఆమె లైన్ సూపర్‌వైజర్. దారాలు కత్తిరించే పనితో చేరి అక్కడిదాకా రావడానికి పదిహేడేళ్లు పట్టింది. పార్టీలో కూడా దాదాపు అన్నేళ్లే ఉంది. ఏ గల్లీలో ఏ ఇల్లు ఎవరిదో సత్తెన్న కంటే ఆమెకే ఎక్కువ తెలుసు. భర్త ఆటో నడుపుతాడు, ఇద్దరు ఆడపిల్లలు చదువుతున్నారు. ఇంట్లో నెల నెలా ఖాయంగా వచ్చే జీతం ఆమెది ఒక్కటే.

ఫ్యాక్టరీ మేనేజర్ సెలవు ఇవ్వనన్నాడు. ఆర్డర్లు ఉన్నాయి, నిలబడాలంటే రాజీనామా చేసి వెళ్లు అన్నాడు.

ఆమె సత్తెన్న ముందే నన్ను అడిగింది. “తమ్మీ, నాకు పార్టీ ముచ్చట్లు చెప్పకు. అన్న లేకుండ గెలుస్తమా, లేదా? నేను కొలువు ఇడిసిపెట్టాల్నా, వద్దా? గది చెప్పు సాలు.”

“వారం ఇయ్యి అక్కా, సర్వే చేసి చెప్త” అన్నాను.

డ్రాప్‌డౌన్‌లో నాలుగు గడులు

సర్వేకు ఒక ఇబ్బంది ఉంది. సత్తెన్న తప్పుకుంటున్న సంగతి అప్పుడే బయటికి పొక్కకూడదు. కాబట్టి “సత్తెన్న లేకపోతే ఎవరికి వేస్తారు?” అని అడిగే వీలు లేదు. “ఈసారి ఏ పార్టీకి?” అని మాత్రమే అడగాలి. ఫోన్‌లో ఫారం నేనే తయారు చేశాను. జవాబుకు, నొక్కితే జాబితాలా తెరుచుకునే డ్రాప్‌డౌన్‌లో నాలుగు గడులు: మా పార్టీ, ఎదుటి పార్టీ, ఇతరులు, తేల్చుకోలేదు. కింద ‘ఇతర మాటలు’ అని ఒక ఖాళీ పెట్టాను, ఎవరైనా ఏమైనా అంటే రాయడానికి.

రెండో రోజు పద్మక్క ఫోన్ చేసింది. ఆమె మా సర్వే చేసేవాళ్లలో పాత మనిషి. ఎవరేమన్నా అన్నది అన్నట్టు టైప్ చేస్తుంది.

“సారూ, ఈ గల్లీల ఒక్కలు గూడ పార్టీ పేరు చెప్తలేరు. ‘అన్నకే’ అంటున్రు. ఏ పార్టీ అంటే గూడ ‘అన్నకే’ అంటున్రు. ఏ గడి కొట్టాలె?”

“అన్న ఏ పార్టీ?”

“మనదే కదా.”

“మరి మనదే కొట్టక్కా. గింత దానికి ఫోన్ ఎందుకు?”

ఇదే ఆ తప్పు. అర నిమిషం పట్టలేదు. నేను ఆ సమయంలో పార్కింగ్‌లో బండి తీస్తున్నాను, హెల్మెట్ కూడా తీయలేదు.

‘అన్నకే’ అనే మాటలో పార్టీ లేదు. ‘అన్న’ అనే మనిషి ఉన్నాడు. ‘కే’ అంటే ఆ మనిషికి తప్ప ఇంకెవరికీ కాదు అని. జనం అంత స్పష్టంగా చెప్పారు. ఐదో గడి పెట్టి ఉంటే ఆ సాయంత్రమే తేలిపోయేది.

వారం తర్వాత పట్టికలో మా గడి నిండుగా ఉంది. “సీటు నిలుస్తది అక్కా” అని సునీతక్కకు చెప్పాను. మర్నాడు ఆమె రాజీనామా ఇచ్చింది. మేనేజర్ ఆ కాగితం సొరుగులో పెట్టి, “సోమవారం దాక ఇట్లనే ఉంచుత. మనసు మారితే వచ్చి తీసుకపో” అన్నాడట. ఆ మాట నాకు చెప్పింది కూడా ఆమే. “మంచోడే తమ్మీ” అంది.

నామినేషన్లకు ఆఖరి రోజు కూడా ఆ సోమవారమే.

శని, ఆదివారాలు

శనివారం మధ్యాహ్నం ప్రచారానికి మా వాళ్ల ఫోన్ నంబర్ల కోసం పట్టిక తిరగేస్తూ ‘ఇతర మాటలు’ గడి తెరిచాను. అప్పటిదాకా తెరవలేదు. పద్మక్క ప్రతి ఇంటి మాటా రాసి ఉంచింది. ‘అన్నకే.’ ‘అన్నకే అంట.’ ‘అన్నకే, పార్టీ ఏందో తెల్వదు అంది.’ ‘అన్న ఏ గుర్తు మీద ఉంటే గా గుర్తుకే.’ కిందికి వెళ్తున్నకొద్దీ అదే. ఆ వరుసలన్నీ పక్కకు తీశాను. మా గడిలో మిగిలినవి చాలా తక్కువ.

ఉప్పల్ వెళ్లి మూర్తి గారికి చూపించాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

“ఇప్పుడు చెప్పి ఏం చేస్తావు? ఇంకో అభ్యర్థి ఉన్నాడా?”

“లేడు సార్.”

“పెద్దాయన మళ్లీ నిలబడతాడా?”

“నిలబడడు.”

“మరి? ఆవిడ ధైర్యం పోవడం తప్ప ఒరిగేదేముంది? వీళ్లంతా ఆయన చెప్తే వేయరని కూడా లేదుగా. ఊరుకో.”

ఆయన అన్నది తప్పని ఆ రోజు అనలేకపోయాను. నిజానికి ఆ మాట కోసమే వెళ్లాననిపిస్తుంది. పెద్దవాళ్ల దగ్గరికి సలహా కోసం వెళ్లేటప్పుడు మనకు ఏ సలహా కావాలో మనకు ముందే తెలిసి ఉంటుంది. మూర్తి గారు పార్టీ గురించి ఆలోచించారు. ఆ ఫ్యాక్టరీ సొరుగులో కాగితం సంగతి ఆయనకు తెలియదు. నాకు తెలుసు, నేను చెప్పలేదు.

ఆదివారం ఆఫీసులో సునీతక్క కూతుళ్లతో కలిసి పార్టీ కరపత్రాలు మడుస్తోంది. నన్ను చూసి లేచి వచ్చింది.

“తమ్మీ, రేపు పొద్దున మేనేజర్‌కు ఆఖరి మాట చెప్పాలె. నీ లెక్కల ఏమన్న ఫరక్ వచ్చిందా?”

ఇంత సూటిగా ఎవరూ నన్ను ఎప్పుడూ అడగలేదు.

“ఏం లేదక్కా” అన్నాను.

“నీ మీద భరోసా” అని మళ్లీ వెళ్లి కూర్చుంది.

అన్న లేని గల్లీలు

సోమవారం పొద్దున, నామినేషన్ వేసే ముందు, సత్తెన్న తప్పుకుంటున్నట్టు ప్రకటించాడు. సభలో ఆడవాళ్లు ఏడ్చారు. మా వాళ్లు “సింపతీ మస్తుగున్నది” అని సంబరపడ్డారు. వాళ్లు వీడ్కోలు చెప్తున్నారని ఎవరికీ తోచలేదు.

తర్వాత జరిగినవి కొత్తవాళ్లు గుర్తుపెట్టుకోండి. ఒక బలమైన మనిషి తప్పుకుంటే పోయేది ఆయన ఓటు ఒక్కటే కాదు. ఆయన ఉన్నన్నాళ్లు ఎదుటి పార్టీ ఎవరో నామమాత్రపు మనిషిని నిలబెట్టేది. ఆయన లేడని తెలియగానే, ఆ మధ్యాహ్నం గడువు ముగిసేలోపే, బలమున్న ఒక కాంట్రాక్టరుకు టికెట్ ఇచ్చి నామినేషన్ వేయించింది. అదే రోజు స్వతంత్రుడు ఇంకొకడు దిగాడు. మా బూత్ ఏజెంట్లలో సగం మంది రావడం మానేశారు. వాళ్లలో ఒకడిని టీ కొట్టు దగ్గర పట్టుకుని అడిగితే, “మేం పార్టీల ఎన్నడున్నం బావా? అన్న కాడ ఉన్నం. అన్న ఇంట్ల కూసున్నడు, మేం మా ఇండ్లల్ల కూసున్నం” అని నవ్వాడు.

నేను సునీతక్క వెంట తిరిగాను. ఒక ముసలామె తలుపు తీసి ఆమె వెనక్కి తొంగిచూసింది.

“సత్తెన్న ఏడి?”

“అన్నకు మోకాళ్లు బాగలేవు అవ్వా. నన్ను పంపిండు.”

“పంపితే ఏంది? మా ఇంటాయన సచ్చిన్నాడు అన్న వచ్చి కూసున్నడు. నువ్వు కూసున్నవా?”

“కూసున్న అవ్వా. ఆడోళ్లల్ల, నీ పక్కపొంటే. నీళ్లు గూడ తాపిన.”

ముసలామె ఆమె ముఖంలోకి చూసింది. “ఏమో బిడ్డా, నాకు యాదికి లేదు” అని, కరపత్రం తీసుకుని తలుపు వేసింది.

సునీతక్క పక్కింటి తలుపు తట్టింది. ఆమె అబద్ధం చెప్పలేదు. సత్తెన్న వెళ్లిన చాలా ఇళ్లకు ఆమె కూడా వెళ్లింది. ఆయన నేల మీద కూర్చుంటే డివిజన్ అంతా చెప్పుకుంది. ఆమె కూర్చుంటే, ఆడమనిషి, కూర్చోక ఏం చేస్తుంది అనుకున్నారు. పదిహేడేళ్లలో ఆ పని ఎవరి లెక్కలోకీ ఎక్కలేదు, నా లెక్కలోకి కూడా.

మేం మూడో స్థానంలో నిలిచాం. ఏ గల్లీల్లో ‘అన్నకే’ ఎక్కువ వినిపించిందో ఆ గల్లీల్లోనే అందరికంటే ఘోరంగా ఓడిపోయాం.

ఆ సాయంత్రం సత్తెన్నకు అంతా చెప్పాను, పద్మక్క ఫోన్‌తో సహా. జనం ఇన్నాళ్లూ పార్టీకి కాదు, తనకే వేసేవారని తెలిసి ఆయన లోపల కొంచెమైనా సంతోషిస్తాడనుకున్నాను. ఆయన కాళ్లు చాపుకుని మంచం మీద కూర్చున్నాడు.

“అంటే నేను పోయినంక ఏం మిగల్లేదంటవ్.”

మోకాలు చేత్తో నిమురుకున్నాడు.

“పదేండ్లు తిరిగితే ఒక పార్టీ తయారైతదనుకున్న ఇంజినీరూ. ఒక మోకాళ్ల జత తయారైంది. గదీ పోయింది.”

నవ్వుదామనుకున్నాడు గానీ రాలేదు. ఇప్పుడు ఆయన ఎవరి ఇంటికీ వెళ్లడం లేదు. గెలిచిన కాంట్రాక్టరు, ఎవరైనా చనిపోతే ఆ ఇంటికి దండ పంపిస్తాడు. జనం దాని గురించి ఫిర్యాదు చేయగా నేను వినలేదు.

గేటు దగ్గర

సునీతక్క మళ్లీ అదే ఫ్యాక్టరీకి వెళ్లింది. సూపర్‌వైజర్ స్థానంలో, ఆమే పని నేర్పిన ఒక అమ్మాయిని పెట్టారు. ఈమెకు దారాలు కత్తిరించే టేబుల్ ఇచ్చారు, కొత్తగా చేరినవాళ్ల జీతానికి. పెద్ద కూతురు చదువు మధ్యలో ఆపి ఒక షోరూంలో చేరింది.

నేను పని మానేసిన నెలకు, భోజనాల వేళ ఆ గేటు దగ్గరికి వెళ్లాను. ఆమె టిఫిన్ డబ్బా కడుక్కుని వచ్చి నిలబడింది. జాకెట్ మీద దారపు పోగులున్నాయి.

“ఏంది తమ్మీ, గిట్లొచ్చినవ్?”

చెప్పాను. ‘అన్నకే’ సంగతి, నాలుగు గడుల సంగతి. ఆమె మధ్యలో ఆపలేదు. అంతా విని ఒక్కటే అడిగింది.

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“శనివారం.”

“ఏ శనివారం?”

“నామినేషన్‌కు ముందు.”

ఆమె లెక్కపెట్టుకోవడం కనిపించింది. శనివారం, ఆదివారం, సోమవారం.

“అంటే నేను ఐతారం నాడు అడిగినప్పుడు నీకు ఎరుకే.”

“ఎరుకే అక్కా. నువ్వు ధైర్యం పోగొట్టుకుంటవని...”

“నా ధైర్యం సంగతి నీకెందుకు?” గొంతు పెంచలేదు. “ఓడుతనని తెలిసినా నిలబడుతుంటినేమో. పదిహేడేండ్ల సంది గీ ఒక్కసారి నా పేరు వచ్చింది. లేకుంటే పోయి కాగితం తెచ్చుకుంటుంటినేమో. ఏం చేస్తుంటినో నాకే తెల్వదు. గది నేను తేల్చుకునేది. నువ్వు తేల్చినవ్.”

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. లోపల బెల్ కొట్టారు.

“మా సూపర్‌వైజర్ కొత్త పిల్ల, ఆలస్యమైతే ఒప్పుకోదు” అంది. “నేనే నేర్పిన.”

డబ్బా మూత బిగించుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. వెనక్కి చూస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. వాచ్‌మన్ వచ్చి నా భుజం తట్టాడు.

“బండి తియ్యి అన్నా. లారీ రావాలె.”

తీశాను.